పెట్టె వెచ్చగా ఉందక్కా

"రా నాన్నా. గడియ పెట్టలేదు."

పొద్దుటి నుంచి అమ్మ ఆ మాట అనడం ఎన్నోసారో చిట్టి లెక్కపెట్టడం మానేసింది. మేడ మీద వరండా చివర, చిన్నోడి గదికి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది అమ్మ. ఆ తలుపు మూసే ఉంది. లోపల మనిషి లేడు. ఆ గదిలోకి రావలసినవాడు నడిసముద్రంలో, వెనకభాగం నుంచి పొగ కక్కుతున్న ఓడ మీద ఉన్నాడు.

"ఎవరూ తట్టలేదమ్మా" అంది చిట్టి, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

"నీకు వినపడకపోతే తట్టనట్టేనా? రెండు దగ్గర దగ్గరగా, మూడోది కాస్త ఆగి. నీ తమ్ముడు కాక ఇంకెవరే అలా తట్టేది?"

"పైపులో గాలమ్మా. ఆయన చెప్పలేదూ?"

"మీ ఆయన నిన్ననే పైపు కట్టించేశాడుగా. మరి గాలెక్కడ్నించి వచ్చింది?"

నిన్న సాయంత్రం నుంచి ఆయనకి అదే పనైపోయింది. మోటారు ఆపించాడు, ట్యాంకు వాల్వు బిగించాడు, కిటికీ రెక్కల సందుల్లో కాగితం మడిచి కూరాడు. ఇంట్లో చప్పుడు చేయగల ప్రతి వస్తువు నోరూ నొక్కేశాడు. అయినా అమ్మకి వినపడుతూనే ఉంది.

ఒక గుటక తాగి, గ్లాసు కింద పెట్టేసి, అమ్మ మళ్లీ తలుపు వైపు తిరిగింది.

ఆ అలవాటు వాడికి నేర్పింది అమ్మే. అప్పట్లో ఉన్నది రెండు గదుల ఇల్లు, ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల. మగపిల్లాడు సరాసరి లోపలికి దూసుకు రాకూడదని వీపు మీద రెండు వేసి మరీ నేర్పింది. ముందు తట్టాలి. లోపల్నుంచి ఎవరో ఒకరు పలకాలి. పలికాకే తలుపు తీయాలి.

వాడు ద్వారబంధం తలకి తగిలేంత ఎదిగాడు. ఓడెక్కి భూమంతా చుట్టొచ్చాడు. ఆ అలవాటు మాత్రం వదల్లేదు. ఓడలో కూరగాయల కొట్టు ముందు కూడా తట్టి నిలబడతాడట. "లోపల ఉల్లిపాయలు తప్ప ఎవరూ లేర్రా, పో" అని వంటవాడు కేకేస్తేగాని కదలడట. తోటివాళ్లు తనని ఎలా ఏడిపిస్తారో వాడే వచ్చి చెప్పి, అందరికంటే ఎక్కువగా నవ్వేవాడు.

కింద ఆఫీసులో ఫోను మోగింది.

"వాడిదేనేమో చూడవే" అంది అమ్మ.

*

ఆ ఇంటి కింది భాగమంతా ఆఫీసే. గోడ మీద ప్రపంచపటం, దాని మీద రేవు రేవుకీ గుచ్చిన గుండుసూదులు, మూడు టేబుళ్లు. గుమాస్తాల్ని నిన్ననే ఇంటికి పంపేశారు. నడిమి టేబుల్ దగ్గర చిట్టి భర్త ఒక్కడే కూర్చుని, మోగుతున్న ఫోను వంక చూస్తున్నాడు.

పెళ్లయిన కొత్తలో భర్త వ్యాపారం ఏమిటో చుట్టాలకి చెప్పడం చిట్టికి తలకు మించిన పనయ్యేది. ఓడ తమది కాదు. లారీ తమది కాదు. పెట్టెలో సరుకూ తమది కాదు. ఎవరో తయారుచేసిన వస్తువు సముద్రం అవతల ఇంకెవరికో చేరాలంటే ఓడలో చోటు మాట్లాడాలి. కస్టమ్స్ వాళ్లకి కాగితాలు చూపించాలి, నలుగురి సరుకూ ఒక ఇనప పెట్టెలో, అదే కంటైనర్‌లో, సర్దించాలి, అవతలి రేవులో దింపించుకునే మనిషిని కుదర్చాలి. ఫార్వార్డర్ పని అదీ.

"మా బావది నోటి ఓడ" అనేవాడు చిన్నోడు. "మాటే తెడ్డు, మాటే తెరచాప."

అందులో అబద్ధమేమీ లేదు. ఓడవాళ్లు పెట్టె తెరిచి చూసుకోరు. ఇందులో ఫలానాది ఉందని ఫార్వార్డర్ చెబితే అదే ఉన్నట్టు. ఇన్నేళ్లూ ఆ మాట మీదే ఇల్లు గడిచింది.

"ఎత్తండి" అంది చిట్టి.

"నువ్వెత్తు."

"ఫోను మీకు. ఆఫీసు మీది."

ఆయన కదల్లేదు. పొద్దెక్కిన దగ్గర్నుంచి ఇదే వరస. ఫోను మోగితే ఉలిక్కిపడతాడు, ఎత్తడు. మోగడం ఆగిపోతే మాత్రం దాన్ని పట్టుకుని ఎవరిదై ఉంటుందని బాధపడతాడు. చిట్టికి విసుగొచ్చి తనే ఎత్తింది.

అవతల షిప్పింగ్ లైను ఆఫీసరు. చిన్నోడి ఓడ ఆ కంపెనీదే. పొగ వార్త వచ్చినప్పటి నుంచి పాపం పగలూ రాత్రీ ఆ సీటు వదిలి లేవలేదని గొంతే చెబుతోంది.

"సార్ లేరామ్మా?"

భర్త వద్దన్నట్టు చేయి ఊపాడు.

"బయటికెళ్లారండీ" అంది చిట్టి. ఎందుకా అబద్ధం ఆడాల్సి వచ్చిందో తనకే తెలియలేదు.

"ఫరవాలేదు, ఒక్క మాట ఖాయం చేసుకుంటే చాలు. పొగ వస్తున్న వరసలో పెట్టెలున్న వాళ్లందర్నీ మరోసారి అడుగుతున్నాం. మీ పెట్టెలో ఉన్నవి కొయ్య కుర్చీలే కదా? పొద్దున సార్ అదే చెప్పారు. సాయానికి టగ్గు పడవ వస్తోంది, నీళ్ల గొట్టాలు సిద్ధం చేసుకుని ఒక్కో పెట్టే తెరిపిస్తారు. ముందు మీదే. కుర్చీలైతే మరేం భయం లేదు."



"ఆయన్ని అడిగి ఇప్పుడే చెప్తానండీ" అని పెట్టేసింది.

*

ఆయన టేబుల్ మీది సీలు బోల్టు తీసుకుని వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. సరుకు సర్దాక కంటైనర్ తలుపుకి వేసే ఇనప సీలు అది. ఒకసారి పడిందంటే కోస్తేనే వస్తుంది.

"కుర్చీలా?" అంది చిట్టి.

ఆయన బోల్టు తిప్పుతూనే ఉన్నాడు.

"మన దగ్గర కుర్చీలెక్కడివండీ? ఆ పెట్టెలోకి వెళ్లింది కట్టెబొగ్గు. గోడౌన్‌లో బస్తాలు ఎత్తిస్తున్నప్పుడు నేను మీ పక్కనే నిలబడ్డాను."

"మెల్లిగా. అమ్మకి వినపడుతుంది."

"అమ్మకి లేని చప్పుళ్లే వినపడుతున్నాయి. ఉన్న మాట వినపడితే ఏం పోయింది?"

ఆయన లేచి వెళ్లి గోడ పక్క కుళాయి తిప్పాడు. నీళ్లు రాలేదు. తనే కట్టించిన సంగతి గుర్తొచ్చి కాబోలు, తడి లేని చేతుల్నే ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు.

"బొగ్గని చెబితే లైను వాళ్లు ఎక్కించుకోరు చిట్టీ. దానికి పరీక్ష చేయించాలి. దానంతటది వేడెక్కే రకం కాదని తేలాలి. బట్టీలోంచి తీశాక కొన్నాళ్లు గాలికి పరిచి ఆరనివ్వాలి. ఇదంతా అయ్యేలోపు ఓడ వెళ్లిపోయేది."

"అందుకని కుర్చీలన్నారు."

"కొయ్య సామాననడం మామూలే. బొగ్గు కూడా ఒకప్పుడు కొయ్యే కదండీ అని బొగ్గులాయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఈ వ్యాపారంలో అందరూ చేసేదే."

"తర్వాతి ఓడకి పంపితే ఏం? ఆ బొగ్గుకేమైనా రైలు తప్పిపోతోందా?"

ఆయన అప్పుడు తలెత్తి చూశాడు. పొగ వార్త వచ్చాక ఆయన ఆమె కళ్లలోకి సూటిగా చూడడం అదే మొదలు.

"ఈ ఓడకే వెళ్లాలని పట్టుబట్టింది ఎవరు?"



తమ పెట్టె చిన్నోడి ఓడలో వెళుతుంటే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వాడు బావ దగ్గర పెట్టె నంబరు తీసుకునేవాడు. ఓడ రేవు దాటాక వరసల మధ్య ఇరుకు దారుల్లోంచి వెతుక్కుంటూ వెళ్లి, దాన్ని మూడుసార్లు తట్టేవాడు. తర్వాత ఫోను చేసేవాడు. "అక్కా, మన పెట్టె తట్టాను. క్షేమంగా ఉంది." ఆ మాట విన్న రోజు అమ్మ ఒక ముద్ద ఎక్కువ తినేది. తను క్షేమమని చెప్పుకోవడానికి సిగ్గుపడి పెట్టె క్షేమమంటాడని అందరికీ తెలుసు.

ఇది వాడి ఆఖరి ప్రయాణం. తిరిగొచ్చాక ఓడ ఉద్యోగం మానేసి బావతో పాటు ఆఫీసులో కూర్చుంటానన్నాడు. మేడ మీద గదికి రంగు వేయించారు. అలాంటి ప్రయాణంలో మన పెట్టె లేకపోతే ఎలాగని చిట్టి పట్టుబట్టింది. మిగతా సరుకులేవీ సిద్ధంగా లేవు. గోడౌన్‌లో ఉన్నది బొగ్గొక్కటే.

"ఇంకా ఆరలేదు చిట్టీ" అన్నాడు ఆయన ఆ రోజు.

"ఆరడానికి అవేమన్నా ఉతికిన బట్టలా?" అంది తను.

అందరూ నవ్వారు. హమాలీలు కూడా నవ్వారు. ఎంత బాగా అన్నానని లోలోపల మురిసిపోయింది కూడా. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే చెవులు మూసుకోవాలనిపిస్తోంది.

పైన అమ్మ కుర్చీ కిర్రుమంది.

"రా నాన్నా. గడియ పెట్టలేదు."

ఆయన భుజాలు ముడుచుకుపోయాయి. "ఆవిణ్ణి అక్కణ్ణుంచి లేపి తీసుకురా. నాకు పిచ్చెక్కుతోంది."

"వీధి తలుపు ఎవరైనా తట్టినా మీరు వణికిపోతున్నారు. అమ్మ మీద పడతారేం?" అని, ఆగింది. ఇందాక ఆఫీసరు అన్న మాటొకటి ఆమె మనసులో మెదిలింది. "పొద్దున ఆయన అడిగినప్పుడు కూడా కుర్చీలనే చెప్పారా?"

"చెప్పాను."

"ఆయనొక్కడికేనా?"

ఆ ప్రశ్న ఊరికే అడిగింది. కానీ ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఎవరికి చెప్పారండీ?"

"చిన్నోడు ఫోను చేశాడు."

"ఎప్పుడు?"

"పొద్దున. నువ్వు పైన అమ్మకి తల దువ్వుతున్నావు."

"వాడు ఫోను చేస్తే నన్ను పిలవలేదా?" అంది చిట్టి. "మేమిద్దరం వాడి గొంతు కోసం కళ్లలో వత్తులేసుకుని కూర్చుంటే, మీరు మాట్లాడి పెట్టేశారా?"

"వాడికి మాట్లాడే తీరిక లేదు. కెప్టెన్ పక్కనే ఉన్నాడు. నా మాట అక్కడున్న అందరికీ వినపడుతోంది." ఆయన గోడ మీది పటం వైపు తిరిగి చెబుతున్నాడు. "'బావా, మన పెట్టెలో నిజంగా ఏముందని కెప్టెన్ గారు అడుగుతున్నారు' అన్నాడు."

"మీరేమన్నారు?"

"అంతమంది వింటుంటే ఏమనను?"

"ఏమన్నారు?"

"కుర్చీలన్నాను."

"వాడేమన్నాడు?"

చిట్టి వెళ్లి ఎదురుగా నిలబడింది.

"'మా బావ చెప్పాడంటే కుర్చీలే సార్' అన్నాడు. 'తలుపు నేను తీస్తాను, అది మా ఇంటి పెట్టె' అన్నాడు."

*

చిట్టి ఫోను దగ్గరికి వెళ్లింది. ఆమె చేయి పడేలోపు ఆయన చేయి పడింది.

"తియ్యండి."

"ఒక్క క్షణం ఆలోచించు. ఆ వరసలో బోలెడు పెట్టెలున్నాయి. ఏది రాజుకుందో ఎవరికీ తెలీదు. మనంతట మనమే బొగ్గని నోరు జారామనుకో, ఎవరి పెట్టె కాలినా మనదే అంటారు. లైసెన్సు పోతుంది. నన్ను జైల్లో పెడతారు. పుట్టి మునుగుతుంది చిట్టీ."

"వాడు ఆ తలుపు తీస్తే ఏమవుతుంది?"

"మనది కాకపోతే ఏమీ కాదు."

"మనదైతే?"

"లోపల బొగ్గు రాజుకుని ఉంటే తలుపు తీయకూడదు. గాలి తగిలిందా, భగ్గుమంటుంది. మూసి ఉండగానే రేకుకి బెజ్జం పొడిచి నీళ్లతో నింపాలి. తీసినవాడు..."



"ఇంత తెలిసీ ఊరుకున్నారు" అంది చిట్టి.

"మనది కాదని ఊరుకున్నాను. నన్ను రాక్షసుణ్ణి చేయకు. వాణ్ణి చేయి పట్టుకుని మొదట ఓడరేవుకి తీసుకెళ్లింది నేను. నీకు తమ్ముడైతే నాకు కాడా? మనదే అని తెలిస్తే నేను ఊరుకుంటానా? ఎవరు చెప్పారు మనదే అని? చెప్పు, ఎవరు చెప్పారు?"

ఆ ప్రశ్నకి జవాబు చిట్టి దగ్గరే ఉంది. దాన్ని ఎవరికీ చెప్పకుండా మొన్నటి నుంచి గుండెల్లో పెట్టుకుని తిరుగుతోంది.

పొగ వార్త రావడానికి ముందు రోజు చిన్నోడు ఫోను చేశాడు. ఆమె బట్టలు మడత పెడుతోంది.

"మన పెట్టె తట్టానక్కా. కానీ పెట్టె వెచ్చగా ఉందక్కా."

"ఎండకి ఇనుము కాలదట్రా?"

"ఇటు ఎండ పడదు. పక్కవాటి మీద కూడా చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉన్నాయి."

"జ్వరమొచ్చిందేమో. నుదుటి మీద తడిగుడ్డ వెయ్యి."

వాడు పగలబడి నవ్వాడు. "సరే డాక్టరమ్మా" అని పెట్టేశాడు.

అంతే. అంతకు మించి ఏమీ లేదు. కానీ అప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ ఇనుము మీద చేయి వేసినా చిట్టికి అది వెచ్చగానే తగులుతోంది. మెట్ల కమ్మీ, బీరువా పిడీ, ఆఖరికి వంటింటి కిటికీ ఊచ కూడా. దుప్పట్లు మళ్లీ మళ్లీ ఉతికింది. ఎంత ఉతికినా వాటిలో పొగ వాసన. అమ్మకి తట్టిన చప్పుడు వినపడుతోందంటే భ్రమ అని కొట్టిపారేస్తున్న మనిషి, తన చేతులకి ఏమవుతోందో ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

"వాడే చెప్పాడు" అంది.

"ఏమని?"

"పెట్టె వెచ్చగా ఉందని. మనదొక్కటే. పక్కవి చల్లగా ఉన్నాయని."

ఫోను మీదున్న ఆయన చేయి దానంతటదే జారిపోయింది. కుర్చీ కోసం వెనక్కి తడుముకుని, కూలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు బొగ్గని చెప్పే పంపారనుకున్నాను. ఓడవాళ్లకి తెలిసే ఉంటుంది, వాళ్లే చూసుకుంటారులే అనుకున్నాను. పొగ వచ్చిందన్నాక చెబుదామంటే నోరు రాలేదు. నవ్వి ఊరుకున్నానని ఎలా చెప్పను?"

పెట్టెలో ఉన్నది బొగ్గేనని, ఓడవాళ్లకి చెప్పింది కుర్చీలని ఆయనకి తెలుసు. పెట్టె కాలుతోందని ఆమెకి తెలుసు. ఒకే మంచం మీద పడుకుంటూ, ఒకే కంచం దగ్గర కూర్చుంటూ ఇద్దరూ చెరో సగం దాచుకున్నారు. ఆ రెండు సగాలూ కలిపితే వచ్చే నిజం మాత్రం చిన్నోడికి తెలియదు. వాడు బావ మాటని నమ్మి ఆ పెట్టె తలుపు తీయబోతున్నాడు. చిట్టికి భర్త మీద ఎంత అసహ్యం వేసిందో, తన మీద అంతకంటే ఎక్కువ వేసింది.

ఆమె నంబరు నొక్కింది.

"ఇటివ్వు" అన్నాడు ఆయన.

చిట్టి ఫోను గుండెకి హత్తుకుంది.

"లాక్కోను. నువ్వు చెబితే నువ్వు చేసినట్టవుతుంది. ఇటివ్వు."

ఆయన ఫోను తీసుకున్నాడు. ఓడలో చోటు ఖాయం చేసేటప్పటి గొంతుతోనే చెప్పాడు.

"కుర్చీలు కాదండీ. బొగ్గు. పూర్తిగా ఆరని బొగ్గు. తలుపు తీయొద్దని చెప్పండి. పొగ రావడానికి ముందు రోజు నుంచే పెట్టె వేడిగా ఉందట. అవునండీ, నేనే. అబద్ధం చెప్పింది నేనే."

అవతల ఎవరి మీదో కేకలు, కుర్చీ వెనక్కి నెట్టిన చప్పుడు. ఇంకో ఫోనులో ఆఫీసరు ఓడని పిలుస్తున్నాడు. ఇద్దరూ తలలు దగ్గర చేర్చి విన్నారు. పెళ్లయిన కొత్తలో చిన్నోడి ఫోను వస్తే అలాగే వినేవాళ్లు.

ఆఫీసరు మళ్లీ లైనులోకి వచ్చేసరికి అతని గొంతులో కోపం కూడా లేదు. అలసట తప్ప ఏమీ లేదు.

"టగ్గు అనుకున్నదానికంటే ముందే వచ్చేసిందట. మీ బావమరిది మాస్కు తగిలించుకుని వరసల్లోకి వెళ్లిపోయాడు. ఆ ఇనప గోడల మధ్య రేడియో అందడం లేదు. వెనకాలే ఇంకో మనిషిని పరిగెత్తిస్తున్నారు. అతను చేరేలోపు..." అని ఆగి, "పొద్దున ఈ మాట చెప్పుంటే సరిపోయేది సార్" అన్నాడు.

*

చిట్టికి మెట్లు ఎలా ఎక్కిందో తెలియదు. కమ్మీ పట్టుకోకుండా ఎక్కింది.

అమ్మ అదే కుర్చీలో, అదే తలుపుకేసి చూస్తూ ఉంది. కింద పెట్టిన కాఫీ చల్లారిపోయి పైన తెట్టు కట్టింది.

"ఎవరిదే ఫోను?"

"లైను ఆఫీసు వాళ్లది."

"నువ్వు ఏడుస్తున్నావా?"

"లేదమ్మా."

"ఇంకాసేపట్లో వచ్చేస్తాళ్లే. ఇందాక తట్టినప్పుడు చప్పుడు బాగా దగ్గరగా వినపడింది." అమ్మ చీర కొంగుతో చిట్టి చెంప తుడిచింది. "పాపం, వాణ్ణి అంత భయపెట్టి ఉండకూడదు చిన్నప్పుడు. వేలెడంత పిల్లాడు. బయట వర్షంలో నిలబడి తడిసిపోతాడు గానీ, మనం పలక్కుండా తలుపు తీయడు."

చిట్టి అమ్మ మోకాళ్ల దగ్గర చతికిలబడింది.

అవును. వాడు తడతాడు. ఎంత తొందరలో ఉన్నా, ఎంత పొగలో ఉన్నా తడతాడు. మాస్కు ఉన్నా, చేతిలో సీలు కోసే కత్తెర ఉన్నా, ముందు ఆ పెట్టెని మూడుసార్లు తట్టి నిలబడతాడు. లోపల బొగ్గు తప్ప ఎవరూ లేరు. ఎవరూ పలకరు. పలకకపోతే వాడి చేయి ముందుకి పోదు. ఆ ఒక్క నిమిషం చాలు. వెనకాల పరిగెత్తుకొస్తున్న మనిషి అందుకుంటాడు.

ఆమెకి ఊపిరి ఆడినట్టయింది. ఏ దేవుడికి దణ్ణం పెట్టాలో తెలియక అమ్మ పాదాలు పట్టుకుంది.

అప్పుడు వినపడింది.

టక్, టక్.

పైపు కాదు. కిటికీ కాదు. మూసి ఉన్న ఆ గది తలుపుకి అవతల నుంచి, ఇనుము మీద వేలి కణుపులతో తట్టినట్టు, రెండు దగ్గర దగ్గరగా. కొయ్య తలుపు మీద ఇనుము చప్పుడు. మెట్ల మీద పైకొస్తున్న ఆయన అడుగులు అక్కడే ఆగిపోయాయి. ఆయనకీ వినపడింది.

అమ్మ ముఖం వెలిగిపోయింది. "చూశావా, నేను చెప్పలేదూ" అన్నట్టు కూతురి వంక చూసి, తలుపు వైపు వంగింది. పొద్దుటి నుంచి అంటున్న మాటే, అంతే ముద్దుగా మొదలుపెట్టింది.

"రా నా..."

చిట్టి లేచి రెండు చేతులతో అమ్మ నోరు మూసేసింది. ముసలి ప్రాణం గింజుకుంది, గాజులు చిట్టి మణికట్టుకి గీసుకున్నాయి. చిట్టి వదల్లేదు. అమ్మ తలని గుండెకి అదుముకుని, చెవిలో చెప్పింది.

"పలక్కమ్మా. నీ కాళ్లు పట్టుకుంటాను, పలక్కు. నువ్వు పలికితే వాడు తలుపు తీసేస్తాడు."

అమ్మ గింజుకోవడం మానేసింది. వరండాలో ముగ్గురూ ఊపిరి బిగబట్టి ఆ తలుపు వంక చూస్తూ ఉండిపోయారు.

మూడోది ఇంకా వినపడలేదు.